గుర్రపు వెంట్రుకంత తప్పు కూడా ఒప్పుకోని లెక్కల మనిషి: జంషీద్ అల్ కాషీ

హిజ్రీ 827 షాబాన్ నెలలో, అంటే 1424 జూలైలో, సమర్‌ఖంద్‌లో ఒక చిన్న అరబీ గ్రంథం పూర్తయింది. దాని పేరు అర్రిసాలతుల్ ముహీతియ్యా. వృత్తం వ్యాసాన్ని బట్టి చుట్టుకొలత ఎంతో చెప్పే పుస్తకం అది. రాసినాయన గియాసుద్దీన్ జంషీద్ అల్ కాషీ. ఆ లెక్క అప్పటికే పాతది. గ్రీకు పండితుడు ఆర్కిమెడిస్ పదహారు వందల ఏళ్ల ముందే చేశాడు, ఆ తర్వాత చాలామంది చేశారు. కాషీ పుస్తకంలో కొత్త విషయం ఏమిటంటే, జవాబు కంటే ముందు ఒక షరతు ఉంటుంది. లెక్కలో తప్పు ఎంతవరకు రావచ్చు, ఎంత దాటకూడదు అన్నది ఆయన కలం పట్టకముందే తేల్చేశాడు. ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టాడు.

ఆయన ఊరు ఇరాన్‌లోని కాషాన్. అల్ కాషీ అన్న పేరు దాన్నుంచే వచ్చింది. 1380 ప్రాంతంలో పుట్టాడని అంచనా. అది తైమూర్ దండయాత్రల కాలం. ఊళ్లకు ఊళ్లు చేతులు మారుతున్న రోజుల్లో ఆయన బాల్యం, యవ్వనం పేదరికంలోనే గడిచాయి. బతుకుతెరువు కోసం వైద్యం చేసేవాడు. మనసు మాత్రం ఆకాశం మీదే ఉండేది. 1405లో తైమూర్ చనిపోయాడు, ఆయన కొడుకు షారుఖ్ పాలన కాస్త కుదురుకోసాగింది. మరుసటి ఏడాది 1406 జూన్ 2న కాషాన్‌లో చంద్రగ్రహణాన్ని కాషీ జాగ్రత్తగా గమనించి రాసిపెట్టుకున్నాడు. ఆయన జీవితంలో కచ్చితంగా తేదీ తెలిసిన మొదటి సంఘటన ఇదే.

ఆ రోజుల్లో విద్వాంసుడికి జీతం ఇచ్చే కాలేజీలు, పరిశోధన సంస్థలు లేవు. పుస్తకం రాసి ఎవరో ఒక వజీరుకో సుల్తానుకో అంకితమిస్తే వాళ్లు దయతలచి ఇచ్చిందే ఆధారం. 1407లో సూర్యచంద్రుల, గ్రహాల దూరాల గురించి సుల్లముస్ సమా రాసి ఒక వజీరుకు అంకితమిచ్చాడు. కొన్నేళ్లకు ఖగోళశాస్త్రం మీద ఒక సంక్షిప్త గ్రంథం రాసి, ఇస్ఫహాన్ ప్రాంతాన్ని ఏలుతున్న తైమూర్ మనవడు ఇస్కందర్‌కు ఇచ్చాడు. 1413-14లో జీజె ఖాఖానీ పూర్తిచేశాడు. జీజ్ అంటే గ్రహాల స్థానాలు ముందుగా లెక్కగట్టుకోవడానికి పనికొచ్చే పట్టికల పుస్తకం. నూటయాభై ఏళ్ల కిందట మరాగా వేధశాలలో నసీరుద్దీన్ తూసీ తయారుచేసిన ఇల్‌ఖానీ పట్టికల్లోని లోపాలను సరిదిద్దుతూ రాసిన గ్రంథమిది. దీన్ని సమర్‌ఖంద్‌లో ఉన్న ఇరవై ఏళ్ల షాజాదా ఉలూగ్ బేగ్‌కు అంకితమిచ్చాడు. ఈ అంకితమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

ఉలూగ్ బేగ్ షారుఖ్ కొడుకు, తైమూర్ మనవడు. తాత కత్తి పట్టుకుంటే మనవడు పుస్తకం పట్టుకున్నాడు. సమర్‌ఖంద్‌లో పెద్ద మదరసా కట్టించి, అందులో దీనీ చదువులతో పాటు గణితం, ఖగోళం చెప్పించాడు. ఆ తర్వాత ఊరి బయట గుట్ట మీద వేధశాల కట్టడం మొదలుపెట్టాడు. సూర్యుడి ఎత్తు కొలవడానికి దాదాపు 40 మీటర్ల వ్యాసార్థంతో రాతి చాపం ఒకటి కట్టించాడు. పరికరం ఎంత పెద్దదైతే డిగ్రీలో అంత చిన్న భాగాన్ని చదవొచ్చు. నేల తవ్వి కొంత, భవనంలో కొంత నిలబెట్టిన ఆ చాపం ఆ కాలపు పరికరాల్లో చాలా పెద్దది. ఈ పనికి లెక్కలు తెలిసినవాళ్లు కావాలి. అలా 1420 ప్రాంతంలో కాషీకి సమర్‌ఖంద్ నుంచి పిలుపొచ్చింది.

అక్కడి నుంచి కాషాన్‌లో ఉన్న తండ్రికి ఆయన పారసీలో రాసిన ఉత్తరాలు ఇప్పటికీ మిగిలాయి. అవి చదివితే కాషీ ఎలాంటి మనిషో తెలిసిపోతుంది. వినయం పెద్దగా కనిపించదు. దర్బారులో ఎవరెవరు ఏ లెక్క దగ్గర ఆగిపోయారో, తానెలా చటుక్కున తేల్చాడో తండ్రికి వరసగా చెప్పుకున్నాడు. తనతో కాస్త సరితూగగలవాడు ఖాజీజాదా రూమీ ఒక్కడే అన్నది ఆయన అభిప్రాయం. ఉలూగ్ బేగ్‌ను మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. ఆయనకు ఖుర్ఆన్‌లో చాలా భాగం కంఠస్థమని, గుర్రం మీద వెళ్తూనే సూర్యుడి స్థానాన్ని నోటితో లెక్కగట్టేస్తాడని రాశాడు. పరదేశంలో ఉన్న కొడుకు ఇంటికి తన ఘనత చెప్పుకోవడం వింతేమీ కాదు. కాకపోతే కాషీ చెప్పుకున్నవి ఉత్త గొప్పలు కావని ఆయన పుస్తకాలే చెబుతాయి.

ఆ ఉత్తరంలో వచ్చే ఒక లెక్క మన ఇళ్లలో అందరికీ ఆసక్తి కలిగించేదే. ఏ దిక్కుకు తిరిగి ఉందో ముందుగా తెలియని ఒక గోడ ఉంది. దానికి ఒక రంధ్రం పెట్టాలి. ఇమామ్ అబూ హనీఫా చెప్పిన అస్ర్ నమాజు సమయానికే, ఆ సమయానికి మాత్రమే, సూర్యకాంతి ఆ రంధ్రం గుండా లోపలికి రావాలి. హనఫీ పద్ధతిలో మిట్టమధ్యాహ్నపు నీడ పోను, వస్తువు నీడ దాని ఎత్తుకు రెండింతలైనప్పుడు అస్ర్ మొదలవుతుందని తెలిసిందే. సూర్యుడి దారి రోజురోజుకీ మారుతుంది కాబట్టి ఇది చూసినంత సులువు కాదు. ఇలాంటివి దర్బారులో పందేల్లా నడిచేవి. నమాజు వేళలు, ఖిబ్లా దిశ, నెలవంక లెక్కలు అన్నీ త్రికోణమితి మీదే ఆధారపడి ఉండేవి.

ఇక చుట్టుకొలత పుస్తకం దగ్గరికి వద్దాం. ఆర్కిమెడిస్ వృత్తం లోపల, బయట 96 భుజాల బహుభుజులు గీసి చుట్టుకొలత ఆ రెండింటి మధ్య ఉందని తేల్చాడు. మనం బడిలో నేర్చుకునే 22/7 అక్కడిదే. తర్వాత అబుల్ వఫా, అల్ బిరూనీ వంటి మహానుభావులు ఇంకా ఎక్కువ భుజాలతో చేశారు. వాళ్ల విలువల్లో ఎంత తేడా ఉందో కాషీ తన పుస్తకంలో మొహమాటం లేకుండా ఎత్తిచూపాడు. ఆ తర్వాత తన షరతు పెట్టాడు. భూమి వ్యాసానికి 6 లక్షల రెట్లు వ్యాసం ఉన్న వృత్తాన్ని ఊహించుకోవాలి. ఆయన దృష్టిలో అది నక్షత్రాలున్న ఆకాశమంత పెద్ద వృత్తం. ఆ వృత్తం చుట్టుకొలత లెక్కలో వచ్చే తప్పు ఒక గుర్రపు వెంట్రుక మందం కన్నా తక్కువ ఉండాలి.

ఇవాళ్టి కొలతల్లో ఆ వృత్తం వ్యాసం సుమారు 764 కోట్ల కిలోమీటర్లు. దానికి 22/7 వాడితే చుట్టుకొలతలో 96 లక్షల కిలోమీటర్లకు పైగా తేడా వస్తుంది. వెంట్రుకంత తేడాకు దిగాలంటే ఎన్ని భుజాలు కావాలో కాషీ ముందే లెక్కగట్టాడు. త్రిభుజంతో మొదలుపెట్టి భుజాలను 28 సార్లు రెట్టింపు చేయాలి. అంటే 80,53,06,368 భుజాలు. ఎనభై కోట్ల పైచిలుకు భుజాలను ఎవరూ గీయలేరు, గీయనక్కర్లేదు. ఒక్కో రెట్టింపుకు ఒక వర్గమూలం తీస్తే చాలు. కానీ ఇక్కడే రెండో చిక్కు ఉంది.

వర్గమూలాలు సాధారణంగా తెగవు. ఎక్కడో ఒకచోట అంకెలు ఆపేయాలి. ఆపిన ప్రతిసారీ చిటికెడు తప్పు మిగులుతుంది. ఆ తప్పు తర్వాతి వర్గమూలంలోకి, అక్కడి నుంచి దాని తర్వాతి దాంట్లోకి పాకుతుంది. చివరికి పొడవును కోట్ల భుజాలతో గుణిస్తాం కాబట్టి చిటికెడు తప్పు కాస్తా కోట్ల రెట్లు పెరుగుతుంది. అందుకని ఒక్కో వర్గమూలాన్ని ఎన్ని స్థానాల వరకు తీయాలో కూడా ఆయన ముందే నిర్ణయించుకుని, పట్టికలు వేసుకుని చేశాడు. అవి మనం వాడే పదుల అంకెలు కావు. గంటను 60 నిమిషాలుగా, నిమిషాన్ని 60 సెకన్లుగా విడదీసినట్టు అన్నిటినీ అరవైలలో విడదీసే అంకెలు. ఖగోళవేత్తలు అప్పట్లో అలాగే లెక్కించేవారు.

ఆ చాకిరీ అంతా అయ్యాక, వ్యాసార్థం 1 అనుకుంటే చుట్టుకొలత 6.2831853071795865 అని తేలింది. అరవైల అంకెల్లో వచ్చిన జవాబును ఆయనే పదుల అంకెల్లోకి మార్చి ఇచ్చాడు. 16 దశాంశ స్థానాల వరకు అది సరైనదే. ఇవాళ మనకు తెలిసిన విలువతో పోల్చి చూస్తే, ఆయన ఊహించిన ఆ మహావృత్తంలో వచ్చే తేడా మిల్లీమీటరులో పదోవంతు కూడా లేదు. షరతు నెరవేరింది. కేరళలో దాదాపు ఆ కాలంలోనే మాధవుడు వేరే దారిలో, అంతులేని శ్రేణులతో, 11 స్థానాల వరకు వెళ్లాడు. కాషీని దాటడానికి 170 ఏళ్లకు పైగా పట్టింది. 1596లో లుడోల్ఫ్ వాన్ కోయిలెన్ 20 స్థానాలు ప్రచురించాడు.

16 స్థానాలు వాడే పని ఆ రోజుల్లో ఎవరికీ లేదన్నది నిజమే. అయినా అందులో పద్ధతి ఉంది. తప్పు రెండు దారుల్లో వస్తుందని ఆయన విడివిడిగా గుర్తించాడు. నున్నటి వంపును ముక్కల గీతలుగా మార్చడం వల్ల వచ్చే తప్పు ఒకటి. అంకెలను ఎక్కడో తెంచేయడం వల్ల వచ్చే తప్పు రెండోది. మొదటిదాన్ని భుజాలు పెంచి, రెండోదాన్ని స్థానాలు పెంచి అదుపులో పెట్టాలి. ఒకటి పెంచి రెండోది వదిలేస్తే చాకిరీ అంతా దండగ.

ఇవాళ బంగాళాఖాతంలో తుఫాను ఎటు వెళ్తుందో చెప్పే కంప్యూటర్ల సంగతీ ఇదే. గాలి కదలికను చెప్పే సమీకరణాలు వంకరవి. గాలి వేగం ఎలా మారుతుందో చెప్పాలంటే అందులో గాలి వేగమే గుణకంగా వచ్చి కూర్చుంటుంది. అలాంటివాటికి సూత్రంతో తెగే జవాబు సాధారణంగా ఉండదు. అందుకే ఆకాశాన్ని గళ్లుగా, కాలాన్ని చిన్న చిన్న అంగలుగా విడగొట్టి లెక్కిస్తారు. గడి ఎంత చిన్నదన్నది కాషీ భుజాల ప్రశ్న. కంప్యూటర్ ఎన్ని అంకెలు గుర్తుపెట్టుకుంటుందన్నది ఆయన స్థానాల ప్రశ్న. ఇలాంటి లెక్కల్లో కంప్యూటర్లు మామూలుగా 15, 16 అంకెలు నిలుపుకుంటాయి. కాషీ కాగితం మీద తేల్చిన జవాబులో సరైన అంకెలు 17.

సమీకరణంలో తెలియని సంఖ్య తన మీద తానే ఆధారపడే చిక్కు కాషీకీ ఎదురైంది. అది సైన్ 1 డిగ్రీ లెక్క. సైన్‌ను అరబీలో జైబ్ అంటారు. ఆర్యభటుడు వాడిన జ్యా అన్న మాటే అరబీలోకి వెళ్లి, చదవడంలో మారి జైబ్ అయింది. 3 డిగ్రీల సైన్‌ను రేఖాగణితంతో ఎంత కచ్చితంగా కావాలంటే అంత రాబట్టొచ్చు. 1 డిగ్రీ దగ్గరికి వచ్చేసరికి ఆ దారి మూసుకుపోతుంది. టాలెమీ మొదలుకొని అందరూ దాన్ని అటూ ఇటూ ఉన్న రెండు విలువల మధ్య ఇరికించి సుమారుగా తీసుకున్నారు. మిగతా పట్టిక అంతా ఆ ఒక్క సంఖ్య మీద నిలబడుతుంది. పునాది రాయి పక్కకు జరిగితే గోడ మొత్తం వంగినట్టు, గ్రహాల స్థానాల దాకా ఆ తప్పు పోతుంది.

3 డిగ్రీల సైన్‌కూ 1 డిగ్రీ సైన్‌కూ ఒక ఘన సమీకరణం సంబంధం కలుపుతుంది. మనక్కావలసిన సంఖ్య ఎంత అంటే, 3 డిగ్రీల సైన్‌కు ఆ సంఖ్య ఘనాన్ని నాలుగు రెట్లు చేసి కలిపి, మూడుతో భాగిస్తే వచ్చేంత. ఆ సంఖ్య తెలియాలంటే ముందు దాని ఘనం తెలియాలి. అది తెలియాలంటే సంఖ్యే తెలియాలి. కాషీ దీన్ని ఒడుపుగా విడదీశాడు. సంఖ్య చాలా చిన్నది కాబట్టి దాని ఘనం ఇంకా చిన్నది, మొదట దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 3 డిగ్రీల సైన్‌లో మూడోవంతు తీసుకుంటే ఒక మోటు జవాబు వస్తుంది. ఆ జవాబు ఘనాన్ని కట్టి మళ్లీ సమీకరణంలో పెడితే మెరుగైన జవాబు వస్తుంది. దాన్ని మళ్లీ పెట్టాలి. ఒక్కో దఫాకు తప్పు 800 రెట్లకు పైగా తగ్గిపోతుంది. మోటు జవాబులో తప్పు ఆరో దశాంశ స్థానంలో ఉంటే, మొదటి దఫాకే తొమ్మిదో స్థానానికి జారుతుంది. నాలుగు దఫాలకు 16 స్థానాలు దాటుతుంది.

ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. చుట్టుకొలత లెక్కలో ఒకచోట జరిగిన పొరపాటు చివరిదాకా వెంటాడుతుంది. ఇక్కడ అలా కాదు. మధ్యలో ఒక అంకె తప్పుపడినా తర్వాతి దఫాలు దాన్ని సరిచేస్తాయి. అందుకే వంకర సమీకరణాలను ఇలా మళ్లీ మళ్లీ సరిదిద్దుకుంటూ పరిష్కరించే దారి ఇప్పటికీ వాడుకలో ఉంది. అయితే ప్రతి సమీకరణం ఇలా దయచూపదు. కొన్నింటిలో దఫా దఫాకీ జవాబు దగ్గరపడే బదులు దూరమైపోతుంది. కాషీ ఎంచుకున్న అమరికలో ఘనం ప్రభావం చాలా తక్కువ కాబట్టి అంత త్వరగా కుదురుకుంది.

1427 మార్చిలో ఆయన పెద్ద పుస్తకం మిఫ్తాహుల్ హిసాబ్ పూర్తయింది. దాన్ని ఉలూగ్ బేగ్‌కు అంకితమిచ్చాడు. ఇది పండితుల కోసమే రాసింది కాదు. భూమి కొలిచేవాళ్లు, వ్యాపారులు, మేస్త్రీలు, వారసత్వం పంచేవాళ్లు అందరికీ పనికొచ్చేలా రాశాడు. దశాంశ భిన్నాలతో లెక్కలు చేయడం ఇందులో విపులంగా ఉంది. అవి అంతకు ముందు అల్ ఉఖ్లీదిసీ రాతల్లో ఉన్నా, ఒక క్రమంలో పెట్టి వాడుకలోకి తేవాలని పట్టుబట్టింది కాషీయే. ఒకచోట 44 లక్షల కోట్లు దాటిన 44240899506197 అనే సంఖ్యకు అయిదో మూలం తీసి చూపించాడు. జవాబు 536, మిగిలింది 21. కావాలంటే ఇంట్లో పిల్లల చేత 536ను అయిదుసార్లు వేసి గుణింపజేసి చూడొచ్చు. మసీదుల గుమ్మటాలకు, కమాన్లకు, తేనెపట్టులా వేలాడే ముఖర్నస్ అలంకారాలకు ఎంత విస్తీర్ణం పడుతుందో కూడా ఇందులోనే ఉంది. గచ్చు ఎంత కావాలో, కూలి ఎంత ఇవ్వాలో తేల్చడానికి మేస్త్రీకి కావలసిన లెక్క అది. ఇక్కడ ఆయన 16 స్థానాలు అడగలేదు. పనికి తగ్గంత కచ్చితత్వం చాలు.

వేధశాల పూర్తిగా ఫలితాలివ్వడం ఆయన చూడలేదు. హిజ్రీ 832 రంజాన్ 19న, అంటే 1429 జూన్ 22న, సమర్‌ఖంద్‌లో కన్నుమూశాడు. సైన్ 1 డిగ్రీ మీద రాస్తున్న గ్రంథం అప్పటికి పూర్తికాలేదు. తండ్రికి రాసిన ఉత్తరంలో తనకు కొంచెమైనా సాటి అని ఒప్పుకున్న ఆ ఖాజీజాదాయే దాన్ని పూర్తిచేశాడు. ఆ తర్వాత ఖాజీజాదా మనవడు మీరం చలబీ కూడా ఆ పద్ధతిని వివరిస్తూ రాశాడు. వేధశాల పని అలీ ఖుష్‌జీ చేతుల్లో ముందుకు సాగి 1437 నాటికి జీజె సుల్తానీ వెలువడింది. 1,018 నక్షత్రాల స్థానాలు, ఒక్కో నిమిషానికీ సైన్ విలువలు అందులో ఉన్నాయి. పీఠికలో ఉలూగ్ బేగ్ కాషీని గౌరవంగా తలచుకున్నాడు. 1449లో ఉలూగ్ బేగ్ కన్నకొడుకు అబ్దుల్ లతీఫ్ మనుషుల చేతుల్లోనే హతుడయ్యాడు. వేధశాల పాడుబడి నేలలో కలిసిపోయింది. 1908లో వ్యాత్కిన్ అనే రష్యన్ పురావస్తు పరిశోధకుడు తవ్వించినప్పుడు ఆ రాతి చాపం అడుగుభాగం బయటపడింది.

పట్టికలు మాత్రం దేశాలు తిరిగాయి. పద్దెనిమిదో శతాబ్దంలో జైపూర్ రాజు సవాయి జైసింగ్ ఢిల్లీ, జైపూర్ వంటి చోట్ల వేధశాలలు కట్టించి, మొఘల్ బాద్‌షా ముహమ్మద్ షా పేరు మీద కొత్త జీజ్ తయారుచేయించాడు. ఉలూగ్ బేగ్ జీజ్, కాషీ రాసిన ఖాఖానీ జీజ్ చెప్పే గ్రహస్థానాలు ఇప్పుడు ఆకాశంతో సరిపోవడం లేదని దాని పీఠికలో రాయించాడు. మూడు వందల ఏళ్లలో చిన్న చిన్న తేడాలు పోగుపడి కంటికి కనిపించేంత అయ్యాయి. తూసీ పట్టికల్లో కాషీ వెతికి పట్టుకున్నదీ అలాంటి తేడాలనే. ఫ్రాన్స్‌లో బడిపిల్లలు ఇవాళ్టికీ త్రిభుజాల కోసైన్ సూత్రాన్ని అల్ కాషీ సిద్ధాంతం అనే పేరుతోనే చదువుకుంటున్నారు.